పన్నెండు డిస్కులకు పన్నెండు బొట్లు

పోయిన ఆదివారం గుణదలలో మా చెల్లెలి మనవరాలి పుట్టినరోజు భోజనాల్లో నా పక్క కుర్చీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మా చెల్లెలి అల్లుడిది. పప్పు నుంచి పెరుగుదాకా చెవుల్లోని తెల్ల ఇయర్‌ఫోన్ పుల్లలు తియ్యని మనిషి, ఉన్నట్టుండి నా మీద జాలిపడి, "అంకుల్, మీరప్పట్లో కంపెనీలకి స్టోరేజిలు బిగించేవారంట కదా, ఇప్పుడదంతా ఏం లేదండి, అంతా క్లౌడే, రెండు క్లిక్కులు కొడితే అయిపోద్ది" అని, పోయినవాళ్ళ గురించి చెప్పినంత మెత్తగా చెప్పాడు. ఆ క్లౌడ్ ఎక్కడుంటుంది నాయనా అని అడిగాను. సింగపూర్ అన్నాడు, కాసేపాగి ముంబై అన్నాడు, అరటిపండు వడ్డించాక ఎక్కడుంటే ఏమిటండీ అన్నాడు. తాను కాపలా కాసే సరుకు ఏ ఊళ్ళో ఉందో తెలియని కాపలాదారుకి మెడలో పట్టీ, పట్టీకి ఫోటో, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కుర్చీ. సమాధానం నాలిక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాను. ఈ నోటితోనే ఒకసారి ఒక్క వేళాకోళం ఆడి మా పెదనాన్న నలభై ఏళ్ళ పనిని దాదాపు గంగలో కలిపాను కనుక, చెల్లెలి ఇంట్లో భోజనం దగ్గర దాన్ని కాస్త కట్టేసి ఉంచడం నేర్చుకున్నాను.

నా చదువు ఎనిమిదో తరగతి, అదీ సగం. లెక్కల మాస్టారు ఎలా నడుస్తారో ఆయన వెనకాలే నడిచి క్లాసుకు చూపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగారు, దాంతో సరస్వతీదేవికీ నాకూ చెల్లు. మాది బందరు వైపు మగ్గాల మీద బతికే ఊరు. గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం ఒకే చోట కూర్చునే ఓపిక నాకు లేదని మా పెదనాన్నే కనిపెట్టి, బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పే ఒక మేస్త్రి దగ్గర వదిలిపెట్టాడు. అక్కడ ఏడేళ్ళు గ్రీజు తిని, బ్యాటరీలు అమ్మే కొట్టుకి మారి, ఆ బ్యాటరీలు మోసుకుంటూ ఆఫీసుల కంప్యూటర్ గదుల్లోకి వెళ్ళి, అక్కడ చదువుకున్నవాళ్ళు ఎత్తలేని పెట్టెలు ఎత్తి పెట్టి, చివరికి ఆ పెట్టెలు అమ్మే కంపెనీవాళ్ళ దృష్టిలో పడ్డాను. మనిషికి నడుము గట్టిగా ఉంటే డిగ్రీ లేని లోటు కనపడదని అప్పుడు తెలిసింది.

మన వయసువాళ్ళ కోసం ఆ పెట్టె సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పెద్ద వ్యాపారాల్లో ఒక్కో బల్ల మీది కంప్యూటరూ తన సరుకు తన కడుపులోనే దాచుకుంటే లాభం లేదు, అందరిదీ ఒకచోట ఉండాలి. ఆ ఒకచోటు పేరే స్టోరేజి. నిలువెత్తు ఇనుప ర్యాకు, అందులో అడ్డంగా ఒక పెట్టె, పెట్టె ముఖాన అలమరలో పుస్తకాల్లా వరసగా నిలబెట్టిన పన్నెండు డిస్కులు. దాన్ని తెచ్చి పెట్టడాన్ని డిప్లాయ్‌మెంట్ అనేవాళ్ళు. అట్టపెట్టె కొయ్యడం, లోపలి పెట్టె ఎత్తడం, బోల్టులు బిగించడం, వైర్లు గుచ్చడం, ఆ తర్వాత రెండు రోజులు తెర వైపు చూస్తూ టీ తాగడం. మొదటి నాలుగూ నావి, అయిదోది హైదరాబాద్ నుంచి దిగే ఇంజనీరుది. టీ తాగడానికి అంత చదువు ఎందుకో అని కొన్నాళ్ళు ఆశ్చర్యపోయి, పక్కన నిలబడి ఆయన వేళ్ళు చూస్తూ ఆ పని కూడా నేర్చేసుకున్నాను. ఇంజను శబ్దాన్ని బట్టి ఏ సిలిండరు ఏడుస్తోందో చెప్పగలిగినవాడికి, ఎర్ర లైటు వెలిగితే డిస్కు పోయిందని చెప్పడం బ్రహ్మవిద్యేమీ కాదు.

వన్‌టౌన్‌లో బట్టల షావుకారు గారు అలాంటి పెట్టె ఒకటి కొన్నారు. ఆయనకు నాలుగు షాపులు, పల్లెల్లో ఎన్నో మగ్గాలు. ఆ మగ్గాల మీదికి వెళ్ళే అంచులూ పైట కొంగులూ గళ్ళ కాగితాల మీద రంగులు నింపి గీసిచ్చింది మా పెదనాన్నే, నలభై ఏళ్ళపాటు. ఆ కాగితాలు షావుకారు గారి షాపు పైగదిలో రెండు బీరువాల నిండా ఉండేవి. కంప్యూటర్లు చూసుకోవడానికి షావుకారు గారు తన బావమరిదిని పెట్టుకున్నారు. ఈ బావమరిది మూడు నెలల కోర్సు చేసి ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి, ఆ ఫ్రేముకి రోజూ అగరొత్తి తిప్పే రకం. కాగితాలన్నీ ఫోటోలు తీయించి పెట్టెలోకి ఎక్కించాక, ఇక ఈ చెత్త ఎందుకని బీరువాలతో సహా పాత కాగితాలవాడికి తూచి ఇచ్చేశాడు. ఖాళీ అయిన ఆ గదిలోనే, బీరువాలున్న గోడకే, నేను ర్యాకు నిలబెట్టాను. అప్పటికి మా పెదనాన్నకు రెండు కళ్ళలోనూ చూపు సన్నగిల్లి, గళ్ళ కాగితం ఆయనకు తెల్ల కాగితంలా కనిపిస్తోంది. అంటే ఆయన గీసినవన్నీ ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట ఉన్నాయి, ఆ చోటికి తాళంచెవి అగరొత్తుల బావమరిది దగ్గర ఉంది.

ఆటోనగర్‌లో ఏ ఇంజను విప్పినా ముందు ఒక పని చేస్తాం. మొదటి సిలిండరు సామాన్లకు ఒక చుక్క, రెండోదానికి రెండు చుక్కలు, ఇలా ఉలితో గుర్తు కొట్టి మరీ విప్పుతాం, ఎందుకంటే కలిసి అరిగిన వాటిని విడదీసి కలిపితే బండి కదలదు. ఆ అలవాటుతో పన్నెండు డిస్కులకూ ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పన్నెండు దాకా మా ఆవిడ గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాను. ఇంజనీరు అది చూసి, కంపెనీ సామాను మీద ముగ్గులేమిటని, ఇదేమన్నా లారీ గ్యారేజీ అనుకున్నావా అని అందరిముందూ అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. నవ్వడం నాకు కొత్త కాదు, ఊరుకోవడమే కొత్త.

ఊరుకోవడం ఎక్కువ రోజులు సాగలేదు. దసరాకి ముందు ఏసీ సరిచూడటానికి వెళ్ళినప్పుడు, ఈసారి ఆయుధపూజలో ఈ పెట్టెకి కూడా బొట్టు పెట్టిస్తున్నానని బావమరిది గొప్పగా చెప్పాడు. మా మేస్త్రి షెడ్డులో నవమి పొద్దున స్పానర్లన్నీ పెట్టెలోంచి తీసి, కడిగి, చాప మీద వరసగా పేర్చి ఒక్కోదానికీ విడిగా బొట్టు పెట్టేవాళ్ళం, ఒక్కటి పెట్టెలో ఉండిపోయినా ఆ ఏడంతా అది చెయ్యి జారుతుందని మేస్త్రి నమ్మకం. ఆ సంగతి గుర్తొచ్చి, ఈ బావమరిదిని కాస్త ఏడిపిద్దామని, "పెట్టె మీద పెడితే పెట్టెకే దక్కుతుందండీ, లోపల పన్నెండుమంది పనిచేస్తున్నారు, వాళ్ళకేం దక్కుతుంది?" అన్నాను. ఆయన నవ్వలేదు. తల ఊపాడు. నా వేళాకోళాలకు నవ్వనివాళ్ళని జీవితంలో చాలామందిని చూశాను గానీ, తల ఊపినవాళ్ళని చూసి భయపడాలని అప్పటికింకా తెలియదు.

నవమి రోజు పదకొండు గంటలకు, ఆటోనగర్‌లో పాత మేస్త్రి షెడ్డులో ప్రసాదం తింటుంటే ఫోను వచ్చింది. షాపుల్లో ఏ కంప్యూటరూ పలకడం లేదట, పండగ రద్దీలో నాలుగు షాపుల ముందూ జనం నిలబడిపోయారట. వెళ్ళేసరికి, పూజకని బెజవాడలో అత్తారింటికి వచ్చిన ఇంజనీరు గారు కూడా పట్టుపంచెలోనే పరుగెత్తుకొచ్చారు. పెట్టె నిండా ఎర్ర లైట్లు. బావమరిది, కరెంటు పోయి వచ్చిందండీ, వోల్టేజీ ఎక్కువ కొట్టినట్టుంది, నేనేం ముట్టుకోలేదు అని ఒకే పాట. ఇంజనీరు ఒక డిస్కు బయటికి లాగాడు. దాని నుదుటి మీద గంధం, గంధం మీద కుంకుమ బొట్టు, మధ్యలో అంటుకున్న ఒక అక్షింత. రెండోది లాగాడు, దానికీ బొట్టు. వోల్టేజీకి ఇంత భక్తి ఉంటుందని నాకు తెలియదండీ అన్నాను. అన్నాకే, ఈ పూజకి మంత్రం చెప్పింది నేనేనని గుర్తొచ్చింది.

జరిగింది ఇది. నడుస్తున్న పెట్టెలోంచి బావమరిది ఒక్కో డిస్కునీ లాగి అందిస్తే, షావుకారు గారి అమ్మగారు బొట్టు పెట్టి అమ్మవారి పటం ముందు పీట మీద పేర్చారు. హారతి అయ్యాక చేతికందినదాన్ని అందిన గూట్లో గుచ్చేశాడు. లైట్లు ఎర్రబడేసరికి గాభరాపడి స్విచ్చి నాలుగైదుసార్లు ఆపి వేశాడు, దాంతో ఏది ఎప్పుడు ఊడిందో ఆ పెట్టె తనకు తాను రాసుకునే చిట్టా కూడా చెదిరిపోయింది. మరి రెండో నకలు ఎక్కడుందని ఇంజనీరు అడిగితే, రోజూ తీస్తున్నానండీ అని ధీమాగా చెప్పాడు. ఎక్కడికి? ఈ పెట్టెలోకే, పక్క ఫోల్డర్లోకి. డూప్లికేటు తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసుకున్న ఆ మహానుభావుడి వైపు చూడటానికి కూడా షావుకారు గారికి మనసు రాలేదు. ఆయన మాత్రం తక్కువ తిన్నారా, అలాంటి చేతుల్లో నాలుగు షాపులు పెట్టింది ఆయనే కదా.

డిస్కులు ఏ గూటివి ఆ గూటికి చేర్చడానికి నా చుక్కలు ఉన్నాయి. ఇంజనీరు వాటిని లెక్కపెడుతూ ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ పెట్టె పద్ధతి ఏమిటంటే, పన్నెండింటిలో ఏ రెండు ఊడినా మిగతా పదీ కలిసి లాక్కొస్తాయి, మూడోది ఊడితే ఉన్నపళంగా ఆగిపోతుంది. అంటే ముందు ఊడిన రెండూ వెనకబడ్డవి, వాటి లెక్క పాతబడింది. ఆ రెంటినీ పక్కన పెట్టి మిగతా పదింటినీ బలవంతాన లేపితే అన్నీ బతుకుతాయి. పొరపాటున ఆ వెనకబడ్డ వాటిని కలిపి లేపితే, తప్పు లెక్క మంచి లెక్క మీద పడి అన్నీ కలిసి కుళ్ళిపోతాయి. ఒక్కసారే ప్రయత్నం. షాపుల బిల్లులు చీటీల మీద రాసి అయినా మళ్ళీ ఎక్కించుకుంటారు. మా పెదనాన్న కొంగులు ఎవరు ఎక్కిస్తారు?

మొదట ఏవి లాగావని ఇంజనీరు బావమరిదిని అడిగాడు. ఎడమ వైపు నుంచే అండీ, ఎవరైనా ఎడమ నుంచే కదా మొదలుపెడతారు అన్నాడు. పావుగంట క్రితం అసలు ముట్టుకోలేదన్న మనిషి మాట మీద ఇంజనీరు ఒకటి, రెండు చుక్కల డిస్కులు పక్కన పెట్టి, తెర ముందు కూర్చున్నాడు. చదువుకున్నవాళ్ళకు చదువుకున్నవాళ్ళ మీద ఎంత నమ్మకమో. ఆయన వేలు మీట మీద ఉండగా, ఒక్క నిమిషం ఆగండి అని, తడి కాళ్ళతో మెట్ల మీద నిలబడి ఉన్న అమ్మగారి దగ్గరికి వెళ్ళాను.

"అమ్మగారూ, మొదటి బొట్టు ఏ వైపు దానికి పెట్టారండి?"

"అదేం ప్రశ్న అబ్బాయ్? బుద్ధున్నవాళ్ళు ఈశాన్యం నుంచి కాక ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు? మా కోడలి తమ్ముడు ఆ చివర లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను."

పెట్టె తూర్పు ముఖంగా ఉంది. దాని ముందు నిలబడితే ఈశాన్యం మన కుడిచేతి వైపు. అంటే ముందు ఊడినవి పన్నెండూ, పదకొండూ చుక్కలవి. ఇంజనీరు పక్కన పెట్టింది మంచివాటిని, లేపబోయింది వెనకబడ్డవాటిని. అది చెప్పడానికి నేను గదిలోకి తిరుగుతుంటే, ఆవిడ అందరూ వినేలా ఇంకో మాట అన్నారు.

"ఎందుకడుగుతున్నావు, విడివిడిగా పెట్టకపోతే లోపలివాళ్ళకి దక్కదని నువ్వే గదా మావాడికి చెప్పావంట?"

బావమరిది అప్పటిదాకా దించుకున్న తల ఎత్తాడు. షావుకారు గారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. అవునండీ, నేనే చెప్పాను, వేళాకోళానికి చెప్పాను అన్నాను, ముందు ఊడినవి పన్నెండూ పదకొండూ అని కూడా చెప్పాను. ఇంతమంది మూర్ఖుల్ని ఆ పొద్దున లెక్కపెట్టినవాణ్ణి, నన్ను మరిచిపోయి లెక్కపెట్టానని అర్థమైంది. ఇంజనీరు చుక్కలు చూసుకుని, పన్నెండూ పదకొండూ బయటికి తీసి, పక్కన పెట్టిన రెండూ లోపలికి గుచ్చి, మీట నొక్కాడు.

పది డిస్కులూ ఒకదాని వెంట ఒకటి ఆకుపచ్చగా మారాయి. షాపుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి, బిల్లులు వస్తున్నాయట. నేను వాటికోసం ఆగలేదు, మా పెదనాన్న ఫోల్డరు తెరిచి అడ్డదిడ్డంగా ఒక కాగితం లాగాను. మామిడి పిందెల అంచు. గళ్ళలో ఆకుపచ్చ నిండి ఉంది, ఒక మూల ఆయన చేతిమరక కూడా అలాగే ఉంది. చెరిగిన గడి ఒక్కటీ లేదు. మూసేసి, బయటికి వచ్చి, అమ్మగారు ఇచ్చిన చక్రపొంగలి నిలబడే తినేశాను. ఆ వారంలోనే బావమరిది వోల్టేజీ ప్రమాదాన్ని తాను ఎంత చాకచక్యంగా ఎదుర్కొన్నాడో ఊరంతా చెప్పుకున్నాడు, ఇంజనీరు గారికి కంపెనీలో చప్పట్లు కొట్టారని విన్నాను, ఆ తర్వాత కంపెనీ పెట్టిన ప్రతి పెట్టెకీ కాగితం మీద అచ్చు వేసిన అంకెలు అంటించడం మొదలుపెట్టారు. గోళ్ళరంగు మోటుగా ఉంటుందట.

పండగ వెళ్ళాక పెదనాన్నని చూడటానికి బందరు బస్సెక్కాను. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన కిటికీలోంచి కొడుతుంటే, ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అల్లుకున్నాను, నాలుగింటిలోనూ నేను వీరుణ్ణే. తీరా ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాక అయిదో రకంగా, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చూపు నా ముఖం మీద కాకుండా కొంచెం పక్కన నిలిపి విన్నాడు.

"నీ నోరు నిన్ను బళ్ళోంచి తరిమింది చాల్లేదేంట్రా, నా కొంగుల మీద పడింది?" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం నవ్వాం, ఆయన నాకన్నా ముందు ఆపాడు.

ఆ పెట్టె అయిదారేళ్ళకు ముసలిదైంది. ఇంకో పెట్టె తెచ్చాం, ఇందులోంచి అందులోకి మొత్తం తోడాం, అదీ ముసలిదైతే మూడోది. తోడిన ప్రతిసారీ అన్నీ చేరాయో లేదో సరిచూసే పని నాదే. రెండోసారి తోడేటప్పుడు, ప్రతి ఫైలుకీ చివరిసారి ఎప్పుడు తెరిచారో పక్కన తేదీ ఉంటుందని గమనించాను. మా పెదనాన్న ఫోల్డర్లో వందల కాగితాలు, అన్నింటికీ ఒకే తేదీ, ఫోటో తీసి ఎక్కించిన తేదీ. ఒక్క మామిడి పిందెల అంచుకి మాత్రం వేరే తేదీ ఉంది. అది ఆ నవమి. తెరిచింది నేను. షావుకారు గారి షాపుల్లో అప్పటికే సూరత్ నుంచి అచ్చు చీరలు మూటల్లో దిగుతున్నాయి, మగ్గాలు ఒక్కోటీ అటకెక్కుతున్నాయి. ఎవరికీ అక్కర్లేనిదాన్ని చల్లగా, భద్రంగా, రెండు నకళ్ళతో దాచడంలో మాత్రం మేం ఆరితేరిపోయాం.

మా పెదనాన్న పోవడానికి ముందు ఏడాది ఒకసారి చూడటానికి వెళ్ళినప్పుడు, అప్పటికి ఆయనకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు, నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఏరా, నావి ఎవరైనా తీసి చూస్తన్నారా?"

"రోజూ ఎవరో ఒకరు తీస్తానే ఉన్నారు పెదనాన్నా" అన్నాను.

నేను ఎవర్నీ నవ్వించడానికి కాకుండా ఆడిన అబద్ధం అదొక్కటే. ఆయన నమ్మాడో లేదో నాకు తెలియదు. నా చెయ్యి వదిలి, తలగడ సర్దమన్నాడు.

ఇప్పుడవి ఎక్కడున్నాయని షావుకారు గారి మనవణ్ణి మొన్న అడిగితే, అంతా క్లౌడ్‌కి మార్చేశామండీ, ఇంక భయం లేదు అన్నాడు. భయం లేదు, నిజమే. సింగపూర్‌లోనో ముంబైలోనో చల్లటి గదిలో, ఎవడి బొట్టూ అంటని చోట, మా పెదనాన్న అంచులు క్షేమంగా ఉండే ఉంటాయి. ఆ రోజుల్లో ఆయన గీసిన కాగితాన్ని నేతగాళ్ళు మడిచి మగ్గం కొయ్యకి గుచ్చుకునేవాళ్ళు, విప్పి చూసుకుని మళ్ళీ మడిచేవాళ్ళు, ఒకరి దగ్గర్నుంచి ఒకరికి పోయేసరికి బాగా నడిచిన కాగితం మడతల దగ్గర చిరిగిపోయేది. ఏడాదికోసారి ఆయన మగ్గాల నుంచి తిరిగొచ్చినవాటిని ముందేసుకుని కూర్చుని, ఏది ఎంత చిరిగిందో వేళ్ళతో తడిమి చూసేవాడు. చిరిగినదాన్ని సంతోషంగా మళ్ళీ గీసి ఇచ్చేవాడు. చిరగని కాగితం కనిపిస్తే మాత్రం కాసేపు దాన్నే చూస్తూ చిన్నబోయేవాడు. ఇప్పుడు ఏదీ చిరగదు. నేనూ, నాలాంటివాళ్ళూ, మెడలో పట్టీలవాళ్ళూ అందరం కలిసి ఇన్నేళ్ళు చెమటోడ్చి సాధించింది అదే.